హాజర్ సిలిండర్, బదలీ సిలిండర్

మా బావ పోయిండన్న వార్త ఫోన్ల విని నేను నవ్విన. ముందుగాల్నే చెప్తున్న. తిట్టుకునేటోళ్ళుంటె ఇక్కడ్నే తిట్టుకోండ్రి.

చంద్రపూర్ల నా మైకుసెట్టు దుకాణం పక్కన ఎస్టీడీ బూతు ఉంటది. పొద్దుగాల అక్కడ్నించి కేకేసిండ్రు, మీ అక్క లైన్ల ఉందని. పోయి ఎత్తిన.

"మీ బావ పోయిండురా" అన్నది అక్క.

"పక్కన నిలవడి చెప్పిస్తుండా? ఫోన్ ఆయనకియ్యి" అన్న నేను, నవ్వుకుంట.

ఎందుకంటె పోయినేడు నేను సచ్చిపోయిన్నని నేనే ఆయనకు కబురు పంపిన. ఆయన పద్మాపూర్ నుంచి సైకిల్ తొక్కుకుంట వచ్చిండు. కండ్లు మూసుకోని మంచం మీద పన్న నన్ను కిందికెళ్ళి మీదిదాంక చూసిండు. "అయ్యో పాపం. కొత్త చెప్పులు, నాకు బరాబర్ సరిపోతయ్" అని నా చెప్పులేసుకోని ఎల్లిపోయిండు. అవి మళ్ళ నా కాళ్ళకు రాలే. అసొంటి మనిషి ఇయ్యాల ఎదురు దెబ్బ కొడుతుండనుకున్న.

"ఇయ్యలేనురా" అన్నది అక్క.

చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీల ఒరిగిండట. గంతే. ఎవలనీ సతాయించలే. బతికినన్నొద్దులు గూడ ఆయన గంతే.

ఆయన గొప్పోడని చెప్పనీకి రాస్తలేను. నేను సదివింది ఏడో తరగతి, గదీ మరాఠీల. తెలుగు అక్షరాలు మా అక్క పలక మీద దిద్దిచ్చింది. దీంట్ల తప్పులుంటె అక్కవి, ఒప్పులుంటె నావి. మా బావ రెండు గ్యాసు సిలిండర్ల మీద సుద్దముక్కతోని రెండు మాటలు రాస్తుండె. ఆ ముచ్చట చెప్తనే నాకు కడుపు నిండుతది.

పద్మాపూర్ బొగ్గు గనిల ఆయన ముందుగాల బదలీ కూలీ. తెలువనోళ్ళకు చెప్త: పర్మనెంటు మనిషి ఎవడన్న ఆ పూట రాకుంటె ఆయన జాగల దిగేటోడు బదలీ. రోజూ డబ్బల జొన్నరొట్టె కట్టుకోని గేటు బయట నిలవడాలె. లోపల హాజరు పిలుస్తరు. పిలిచిన పేరుకు ఎవడూ పలుకకుంటె, బయట నిలవడ్డోళ్ళల్ల ఒకనికి చెయ్యి ఊపుతరు. అందరు పలికిండ్రనుకో, రొట్టె మళ్ళ ఇంటికే. పదకొండేండ్లు గిట్లనే నిలవడ్డడు.

"ఒకడు రాకుంటెనే నేనొచ్చినట్టు" అంటుండె. తను అనుకుంటె నవ్వే. ఇంకొకడు బదలీ అంటె మాత్రం పుండు మీద కారం. కొత్త పెండ్లికొడుకప్పుడు నేను నలుగుర్ల "బదలీ బావా" అని పిలిస్తె చెంబు విసిరిండు. నేను వంగిన, మా మేనత్తకు తాకింది.

తర్వాత వెల్డింగ్ నేర్చుకోని వర్కుషాపుల పర్మనెంటయిండు. మొదటిరోజు పేరు పిలిస్తె "హాజర్!" అని ఎంత గట్టిగ పలికిండంటె, రాసుకునే గుమాస్తా చేతులున్న కలం కింద పడ్డదట.

బొగ్గు గని ఇంట్ల బొగ్గే పొయ్యి. అక్క సగం జిందగీ సిగిడి కుంపటి మీద వండింది. ఊపిరితిత్తులు పాడైనయి. పొగ దగ్గరికి పోవద్దని డాక్టర్ గట్టిగ చెప్పిండు. ఎన్నో ఏండ్లు లైన్ల ఉంటె ఇంట్లకు సర్కారీ గ్యాసు వచ్చింది. కాని అక్కకు ఒక పాత కోరికుండె. చిన్నప్పుడు మేం విసాపూర్ల ఉన్నప్పుడు, వార్ధా నదిల బట్టలు పిండుకుంట "ఈ నీళ్ళు యాడికి పోతయ్?" అని అడిగేది. ప్రాణహితల కలిసి, గోదావరిల కలిసి, సముద్రంల పడుతయని ఎవలో చెప్పిండ్రు. నీళ్ళెంబడి పోయి ఆఖర్దాంక చూడాలని అప్పట్నించి పట్టుకుంది. ఎట్ల పోతది? హోటల్ తిండి పడదు. తొవ్వల మూడు రాళ్ళ పొయ్యి పెడితె ఆ పొగకే కింద పడుతది.

దేశంల కొత్త కంపెనీలు దిగుతున్న రోజులవి. గనిల మనుషుల్ని తగ్గిస్తమన్నరు, ముందుగ ఇంటికి పోయెటోళ్ళు పొండ్రన్నరు. బావ సంతకం పెట్టి వచ్చిండు. వేలంల ఒక పాత స్కూలు వ్యాను తెచ్చిండు. సీట్లు పీకి, మంచం వెల్డింగ్ చేసిండు. గిన్నెలు దొర్లకుండ అంచులున్న అరలు, స్టవ్వుకు గద్దె, గద్దె కింద సిలిండర్ కదలకుండ ఇనుప పట్టీ.

"ఇల్లుండంగ ఇదేందయ్యా?" అన్నది అక్క.

"ఇది గూడ ఇల్లే. జరగనేర్చింది" అన్నడు.

నేనూకుంటనా? మైకుల చెప్పిన: "గల్లీ పెద్దమనుషులకు మనవి. మా బావ ఇంటికి నాలుగు టైర్లు మొలిచినయి. చూడనీకి వచ్చేటోళ్ళు చాయ్ తాగకుండ పోవద్దు." గల్లీ అంత వచ్చింది. అక్క చాయ్ పోసుకుంట పోసుకుంట నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

బండంత తయారైనంక అసలు పంచాయితి షురూ అయింది. ఏ సిలిండర్ పెట్టాలె?

సర్కారీ సిలిండర్ కార్డు మీదొస్తది, బయట ఊర్లల్ల ఎవడూ ఇయ్యడు. మిగిలినయి రెండు తొవ్వలు. ఒకటి, బజార్ల దొరికే చిన్న సిలిండర్ మనమే కొనుక్కునుడు. అది మనదే. అయిపోతె యాడనన్న నింపించుకోవచ్చు. గల్లీకొకడు పెద్ద సిలిండర్ బోర్లేసి పైపుతోని చిన్నదాంట్లకు పడుతడు. రెండోది, కొత్తగ వచ్చిన ప్రైవేటు కంపెనీది. అది మనది కాదు. ఖాళీది ఇచ్చుడు, వాళ్ళు సీలేసిన నిండుది తెచ్చుకునుడు. కార్డు లేదు, లైను లేదు. కాని వాళ్ళ ఏజెంటున్న ఊర్లనే దొరుకుతది.

ఇద్దరం కంపెనీ దుకాణానికి పోయినం. సేటు మనోడే, తెలుగాయన. మంచిగ కూసుండబెట్టి చెప్పిండు: "హైరానా లేని సుకూన్ పని అన్నా. ఖాళీది తెండ్రి, నిండుది తీస్కపోండ్రి. బదలీ సిలిండర్."

బావ ముఖం మాడింది. లేచి చెప్పులేసుకున్నడు.

"ఏమైంది బావా?"

"బదలీదట! పదకొండేండ్లు నేనే బదలీగున్న. నా ఇంట్లకు ఇంకో బదలీని తెస్తనా? నాకు పర్మనెంటుది కావాలె."

"అది మనిషికి బావా. సిలిండర్‌కు గుడ నౌకరీ పక్కా చేపిస్తవా ఏంది?"

"నువ్వు నోర్ముయ్యి."

గట్ల, ఒక్క మాట మీద పంతంతోని, నింపుకునే సిలిండర్ కొన్నడు. దాని మీద ఎర్ర రంగుతోని అక్క పేరు రాసిండు. "చేతులు మారకపోతె వస్తువు మన మాట వింటది" అన్నడు. గల్లీల నింపిచ్చిండు. స్టవ్వు ముట్టిచ్చి అక్కతోని మొదటి చాయ్ పెట్టిచ్చిండు. నేను గుడ తాగిన, చక్కెర తక్కువైందని వంక గుడ పెట్టిన.

వారం రోజుల్ల ప్రయాణం. నా బుద్ధి ఊకోలే. మురిగిన కోడిగుడ్డు ఒకటి సంపాయించిన. గ్యాసు లీకయితె వచ్చే కంపూ, మురిగిన గుడ్డు కంపూ అక్కాచెల్లెండ్లు. బావ పొద్దున్నే బండి తుడ్వనీకి వచ్చేముందు స్టవ్వు గద్దె ఎనక దాన్ని పగులగొట్టి, గోడెనక నిలవడ్డ.

బావ తలుపు తీసిండు. ముక్కు ఎగబీల్చిండు. బెదుర్తడు, ఉరుకుతడు, నేను మైకుల చెప్త అనుకున్న. ఉరుకలే. "అగ్గిపుల్ల ముట్టకు!" అని, అప్పుడే చాయ్ పెట్టనీకి వస్తున్న అక్కను వాకిట్లనే ఆపిండు. తలుపులు, కిటికీలు అన్ని తెరిచిండు. వెల్డింగ్ చేతులు గద, గిన్నెల సబ్బు నురుగు గిలక్కొట్టి తెచ్చి, పైపుకు పూసిండు, రెగ్యులేటర్‌కు పూసిండు, ఆఖరికి సిలిండర్ మెడకు పూసిండు. పూసి కూసున్నడు.

నేను నోట్ల తువ్వాల కుక్కుకోని నవ్వు ఆపుకుంటున్న. అప్పుడు చూసిన.

సిలిండర్ మెడ కాడ నురుగుల ఒక బుడగ లేచింది. శనగగింజంత. ఆగింది. మెల్లగ ఉసిరికాయంత అయింది. పగిలింది. అదే జాగల ఇంకోటి లేచింది.

నా నోట్ల తువ్వాల అట్లనే ఉంది, నవ్వు మాత్రం లేదు. నేను చేసిన దొంగ కంపు కింద అసలు కంపు ఉండె. ఈ సంగతి తెల్వకుంటె, ఆ బండిల తలుపులేసుకోని అక్క తొవ్వంత వండేది. గోడెనక అట్లనే కూసున్న. బావ సిలిండర్ను పిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకోని దూరం ఖాళీ జాగలకు తీస్కపోయిండు. మళ్ళ వచ్చి, గద్దె ఎనక చెయ్యి పెట్టి, ఏదో తీసి, జేబుల ఏసుకున్నడు.

తెల్లారి ఆయనే నన్ను బండెక్కించుకోని సేటు దుకాణానికి పోయిండు.

"బదలీ సిలిండర్లు రెండియ్యి" అన్నడు.

నేను నోరెల్లబెట్టిన. తొవ్వల ఆయనే చెప్పిండు: "రాత్రంత ఆలోచించినరా. ఒక్కటే సిలిండర్ను పట్టుకోని నాదే, నాదే అనుకుంటె దాని మెడ ఎవడు చూస్తడు? నింపెటోడు చూడడు, నేను చూడలే. ఇవి తిరిగిపోయినప్పుడల్ల అక్కడ చూసి సీలేస్తరు. ఒకటి అలిసిపోతె ఇంకోటి దిగుతది, పొయ్యి ఆగదు. పదకొండేండ్లు గనిని ఆగకుండ నడిపింది గుడ గట్లనే గద. బదలీ లేకుంటె పర్మనెంటోడు జ్వరమొచ్చి పండుకుంటుండెనా?"

గా మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతుల పాత కారం లేదు. నా బుద్ధి కొద్దీ నేను "మరి సీలేసినదాన్ని నమ్ముతవా?" అన్న. "దాన్ని గుడ నమ్మ. సబ్బుంది గద" అన్నడు.

ఇంటికొచ్చి సుద్దముక్క తీసి, పైపు పెట్టినదాని మీద మరాఠీ అక్షరాలల్ల "హాజర్" అని రాసిండు, పక్కదాని మీద "బదలీ" అని. మొదటిది అయిపోతె, బదలీదాని మీది మాట తడిగుడ్డతోని తుడిచి, "లే బిడ్డా, ఇయ్యాల్టి నుంచి నువ్వు పర్మనెంటు" అని హాజర్ రాస్తుండె. పైపు పెట్టి, నురుగు పూసి, బుడగ లేస్తదా అని చూసినంకనే అక్క చేతికి అగ్గిపెట్టె.

పోయినం ముగ్గురం. రాజురా దాటి, మంచిర్యాల దాటి, గోదావరి కనవడినప్పుడల్ల బండి ఆపుకుంట. ఆయన అలిసినప్పుడు నేను స్టీరింగ్ పట్టిన. "నువ్వు బదలీ డ్రైవర్‌వి" అన్నడు. ఆ మాట ఇంకొకని మీద అనుడు గదే మొదటిసారి, చాన ఖుషీగ అన్నడు. తొవ్వల మొదటి సిలిండర్ అయిపోయింది. ఏ ఊర్ల అడిగినా ఆ కంపెనీ ఏజెంటు లేడు. పొదుపుగ, రోజుకు ఒక్కసారే వండుకుంట పోయినం. రాజమండ్రిల దొరికిండు. ఖాళీది తీసుకున్నడు, నిండుది చేతుల పెట్టిండు. యాడోళ్ళు, ఎవల మనుషులు అని అడుగలే. బయటికొచ్చి బావ అన్నడు, "చూసినవా, గేటు కాడ నిలవెట్టలే."

అంతర్వేదిల నది సముద్రంల కలిసే కాడ అక్క మోకాళ్ళ లోతుకు దిగింది. దోసిట పట్టి నాలుక మీద ఏసుకుంది. మొఖం అదోలా పెట్టి, "ఇంత దూరం మంచిగొచ్చి, ఆఖరికి ఉప్పగయినయి చూడు మన నీళ్ళు" అన్నది. గంటసేపు బయటికి రాలే. ఒక్కసారన్న దగ్గలే.

ఆ పగలు బండిల అక్క గుడ్లు ఉడకేసింది. బావ నాకొక గుడ్డు పెంకుతోనే ఇచ్చిండు. ఇచ్చి, జేబుల నుంచి ఇంకో చిన్న పెంకు ముక్క తీసి నా పల్లెంల పెట్టిండు. పాతది. ఎండి గట్టివడ్డది.

"వొల్సుకో. ఇది మంచిదే" అన్నడు.

గంతే. అక్కకు చెప్పలే, నన్ను తిట్టలే. నేను వొల్సుకోని తిన్న. నీళ్ళ చెంబు ఆయనే అందిచ్చిండు.

తర్వాత ఎండకాలమొస్తె చాలు, ఆ బండి యాడికో ఓకాడికి పోతుండె. సిలిండర్లు ఎన్ని చేతులు మారినయో! ఆ రెండు మాటలు మాత్రం మారలే.

మొన్న బావ దినాలకు చుట్టాలు దిగితె ఇంట్ల పొయ్యి సరిపోక, వాకిట్ల బండిలనే అక్క చాయ్ పెట్టుకుంట వచ్చింది. తొమ్మిదో రోజు మంట సన్నగయి ఆరిపోయింది. సేటు టెంపో గల్లీలకే వచ్చింది. నేను పైపు ఊడదీసి సిలిండర్ బయటికి దించిన. దాని మీద బావ రాత. హాజర్. చివరి అక్షరం తోక ఆయన అలవాటు ప్రకారం పొడుగ్గ కిందికి గుంజి ఉంది.

"అక్కా, దీన్ని ఉంచుకుందాం. బదలీది ఒక్కటే చాలు" అన్న.

అక్క దాన్ని చూసింది. తడిగుడ్డ చేతులనే ఉంది. తుడ్వలే.

"ఖాళీది పట్టుకోని కూసుంటె నిండుది ఎట్లొస్తదిరా? ఇయ్యి" అన్నది.

తర్వాత బదలీ సిలిండర్ మీది మాట తనే తుడిచి, సుద్దముక్క తీసుకోని, నాకు పలక మీద దిద్దిచ్చిన ఆ గుండ్రటి తెలుగు అక్షరాలల్ల హాజర్ రాసింది. నురుగు పూసింది. ఇద్దరం వంగి చూసినం. బుడగ లేవలే.

టెంపో కదిలింది. ఎనక యాభై సిలిండర్లు ఒకదానికొకటి తాకుకుంట గలగలమంటున్నయి. నడుమల ఒకదాని మీద తెల్లటి సుద్ద రాత. గల్లీ మలుపు కాడ టెంపో జర ఆగింది, ఆ సిలిండర్ జర తిరిగి మా దిక్కు మళ్ళింది. హాజర్. తర్వాత బల్లార్పూర్ రోడ్డెక్కింది.