ఎర్నెస్టీన్ మింగేసిన మాట

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ప్రాస్పెక్ట్ అవెన్యూ మీద ఉన్న లాండ్రీలో పద్దెనిమిదేళ్లు పనిచేసిన ఎర్నెస్టీన్ పికెట్‌ని మాటల్లో గెలిచినవాళ్లు లేరు. మీటరు చూడటానికి వచ్చినవాడు గెలవలేదు, మతం మార్చడానికి వచ్చినవాడు గెలవలేదు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మొగుడు హొరేస్ కూడా గెలవలేదు. పోయేముందు ఆస్పత్రి మంచం మీద ఆయన, "ఈసారి మాత్రం ఆఖరి మాట నాదే" అన్నాడట. "సరే, చూద్దాం" అన్నదట ఎర్నెస్టీన్.

ఆ నోరు ఆమెకు సౌత్ కారొలైనాలో, అమ్మమ్మగారి వసారాలో అబ్బింది. అక్కడ ఆడవాళ్లు మధ్యాహ్నాలు కూర్చుని బఠాణీలు వలుస్తూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. ఒకరు ఒక మాట విసిరితే, రెండోవారు దానికి ప్రాస కలిపి తిప్పి విసరాలి. కోపం వచ్చినవాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు బఠాణీ తొక్కలన్నీ చీపురుతో ఊడ్చి ఎత్తిపోయాలి. ఎర్నెస్టీన్ పదేళ్ల వయసు నుంచీ ఆ చీపురు ముట్టుకోలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో ఒక శనివారం, వెండెల్ బ్రాడ్‌నాక్స్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు ఒక తువ్వాలు తెచ్చి, నాణేలేస్తే తిరిగే మెషీన్లలో ఏడో నంబరుదాంట్లో వేశాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు, అదే తువ్వాలు. సాయంత్రం మూడోసారి వచ్చేసరికి ఎర్నెస్టీన్ నడుము మీద చేతులు పెట్టుకుని ఎదురు నిలబడింది.

"ఏం నాయనా, తువ్వాలు చేసిన పాపమేంటి?"

"అబ్బే, ఏం లేదు మిస్ ఎర్నెస్టీన్. మురికి వదల్లేదు."

ఆమె తువ్వాలు లాక్కుని వాసన చూసింది. "దీనికంటే శుభ్రమైనది మా పాస్టరుగారి మనసు కూడా కాదు. నిజం చెప్పు."

వెండెల్ తల గోక్కున్నాడు. ఏడో నంబరు మెషీనుకి ఒక కాలు వదులు. నీళ్లు పిండే దశకి రాగానే అది ఊగిపోతూ ధుమ్ ధుమ్ టక్, ధుధుమ్ ధుమ్ టక్ అని దరువు వేస్తుంది. వెండెల్ వారమంతా మాన్‌హటన్ ఆఫీసుల మధ్య కవర్లు మోస్తాడు. శనివారం రాత్రుళ్లు పార్కులో మైకు పట్టి, దరువు మీద ప్రాసలు విసిరే 'మాస్టర్ థండర్' అయిపోతాడు. ఇంట్లో రికార్డు ప్లేయరు లేదు. సాధన చేసుకోవడానికి అతనికి దొరికిన తాళం ఈ మెషీనే.

"ఓహో, ఆ పార్కులో గోల చేసేది నువ్వేనా! ఏదీ, విననీ."

మెషీను ఊగడం మొదలుపెట్టింది. వెండెల్ కళ్లు మూసుకుని అందుకున్నాడు.

"నేనే ఉరుము, నేనే మెరుపు, ఈ పేట మొత్తానికి నేనే గెలుపు!
థండర్ నా పేరు, థండర్ నా తీరు, థండర్‌ని మించినవాడు లేడు!"

"ఆగాగు" అన్నది ఎర్నెస్టీన్. "నాలుగు ముక్కల్లో మూడుసార్లు నీ పేరే చెప్పావు. మర్చిపోతావని భయమా?"

బట్టలు మడతపెడుతున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. వెండెల్‌కి పౌరుషం వచ్చింది.

"ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు మిస్ ఎర్నెస్టీన్. తాళం తప్పకుండా ఒక్క ముక్క మీరు అనండి చూద్దాం."

"నేను చర్చిలో పెద్దల వరసలో కూర్చునే మనిషిని. నాకీ కుప్పిగంతులేంటి?"

కానీ మెషీను ఆగలేదు. ధుమ్ ధుమ్ టక్. ఆమె ముందు బొటనవేలితో తాళం వేసింది. తరవాత తలతో. ఆ తరవాత నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఉతికిన తువ్వాలు ఉతుకుతాడు పొద్దుటికోసారి, మాపుకోసారి,
ఒంటి మీది చొక్కా చూస్తే కుళాయి పారిపోతుంది దారి మారి!
ఉరిమేవాడివి, మెరిసేవాడివి, కురవవేం ఒక్క వాన?
కురిస్తే ఆ చొక్కా అయినా తడిసేది కదరా నాన్నా!"

లాండ్రీ అంతా ఘొల్లుమన్నది. ఒకావిడ నవ్వి నవ్వి, మడతపెట్టిన దుప్పట్ల మీద కూలబడింది. వెండెల్ తన చొక్కా వంక ఒకసారి చూసుకుని, అమాంతం ఎర్నెస్టీన్ చేతులు పట్టుకున్నాడు.

"నాకు నేర్పండి."

నేర్పింది. మెషీను తిరుగుతున్నంతసేపే పాఠం. "ఆఖరి మాటకి ముందు ఊపిరి దాచుకో. అసలు దెబ్బ అక్కడే ఉంటుంది" అనేది. "ముందు మనిషిని చూడు, తరవాత మాట వెతుకు. వాడు చేసుకున్నదాన్ని వెక్కిరించు, పుట్టుకతో వచ్చినదాన్ని ముట్టుకోకు. వాడు కూడా నవ్వాలి. నవ్వకపోతే అది పద్యం కాదు, తిట్టు." వెండెల్ ఇవన్నీ కవర్ల వెనక రాసుకునేవాడు. ఆ వేసవిలో మాన్‌హటన్‌లో కొన్ని కవర్లు ఆలస్యంగా చేరాయి.

పార్కులో జరగబోయే ప్రాసల పోటీలో వెండెల్ గెలవాల్సింది ప్రిన్స్ ఐవరీ అనేవాడి మీద. ప్రిన్స్ ఐవరీ పేరులోని ఏనుగుదంతానికి తగ్గట్టు, నెత్తి మీది టోపీ నుంచి కాలి బూట్ల దాకా తెలుపే వేసుకునేవాడు. తనది రాతి గుండె అనీ, నిద్రలో కూడా భయం తెలియదనీ మైకులో చెప్పుకునేవాడు. అసలు పేరు అలొంజో గాడ్స్‌డెన్. అతని బట్టల మూట పదిహేను రోజులకోసారి ఎర్నెస్టీన్ దగ్గరికే వచ్చేది. ఆ తెల్లబట్టల అడుగున ప్రతిసారీ ఒక చిన్న పసుపు దుప్పటి ఉండేది. పసిపిల్లలకి కప్పేది, దాని నిండా బాతుల బొమ్మలు. మధ్యలో అరిగిపోయి, అంచులు నమిలినట్టుండేది. దానికి గుచ్చిన చీటీలో, 'ఇది చేత్తో ఉతకండి, దయచేసి' అని రాసి ఉండేది. అలొంజోకి ఇరవై మూడేళ్లు, ఒక్కడే ఉంటాడు.

ఒకరోజు వెండెల్ ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మిస్ ఎర్నెస్టీన్, వాడి బట్టలు మీరే కదా ఉతికేది? వాడి గుట్టు ఏదైనా..."

"నోర్ముయ్" అన్నది ఆమె. అంత కోపంగా అనడం వెండెల్ అంతవరకూ వినలేదు. "మూటలో వచ్చింది మూటలోనే పోతుంది. పాస్టరు చెవిలో పడ్డ మాట, నా చేతిలో పడ్డ బట్ట, రెండూ ఒకటే."

పోటీ రోజున, "గోల మరీ ఎక్కువైతే పోలీసులకి చెప్పాలిగా" అంటూ ఎర్నెస్టీన్ మడత కుర్చీ, చల్లటి టీ పట్టుకుని పార్కుకి వెళ్లింది. వెళ్లి మొదటి వరసలో కూర్చుంది. దీపస్తంభం నుంచి వైరు లాగి, డీజే రెండు రికార్డు ప్లేయర్ల మీద ఒకే దరువుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. జనం కంచె దాకా నిండిపోయారు.

వెండెల్ బాగానే మొదలుపెట్టాడు. ఊపిరి దాచుకున్నాడు, మనిషిని చూశాడు, ఉతికిన చొక్కా కూడా వేసుకొచ్చాడు. జనం ఈలలు వేశారు. అప్పుడు ప్రిన్స్ ఐవరీ నింపాదిగా మైకు అందుకుని ఎర్నెస్టీన్ వైపు వేలు చూపించాడు.

"ఉరుమొచ్చిందని గొడుగు పట్టా, మీద పడింది సబ్బు నురగ!
గురువెవరంటే లాండ్రీ అవ్వ, శిష్యుడేమో చీపురు పరక!"

పార్కంతా ఘొల్లుమన్నది. మైకు మళ్లీ వెండెల్ చేతికి వచ్చింది. 'అవ్వ' అన్న మాట దగ్గరే ఎర్నెస్టీన్ గ్లాసు కింద పెట్టేసింది. యాభై నాలుగేళ్లకి అవ్వా? ఆమె లేచి, పర్సు చంకలో ఇరికించుకుని, వెండెల్ చేతిలోంచి మైకు లాక్కుంది. జనం వెర్రెత్తిపోయారు.

"తెల్లని బట్టల రాజకుమారా, తెలుసోయ్ నాకు నీ తీరు!
పగలంతా నువ్వు పులివే కానీ, రాత్రి నీ పక్కన చేరేవారు..."

ఆఖరి మాటకి ముందు ఊపిరి దాచుకుంది. తరవాతి ముక్క నాలుక చివర కూర్చుని ఉంది. అంత చక్కటి ప్రాస ఆమె జన్మలో ఎప్పుడూ కుదరలేదు. ఎదురుగా చూసింది. అలొంజో ముఖంలో రక్తం లేదు. పెదవులు కదులుతున్నాయి. వద్దు అంటున్నాడో, ప్రార్థన చేస్తున్నాడో.

"ఎవరు? ఎవరు?" అని జనం అరిచారు.

దరువు ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. ఎర్నెస్టీన్ గుటక వేసింది.

"నాకేం తెలుసు? అది వాళ్లమ్మని అడగండి" అని, ప్రాసా లేకుండా, తాళమూ లేకుండా అనేసి మైకు డీజే చేతిలో పెట్టేసింది.

"అయ్యో! పెద్దావిడ మర్చిపోయింది" అన్నారెవరో. డీజే గెలుపుకి గుర్తుగా ప్రిన్స్ ఐవరీ చెయ్యి పైకెత్తాడు. గెలిచినవాడు మాత్రం నవ్వలేదు.

ఇంటిదాకా వెండెల్ ఆమె కుర్చీ మోస్తూ వాపోతూనే ఉన్నాడు.

"మాట మీ నోట్లోనే ఉంది! నేను చూశాను!"

"ఉంది."

"మరి అనలేదేం?"

"అది నా సొంతం కాదు నాయనా. ఇంకొకరి సొత్తు."

ఆ రాత్రి ఎర్నెస్టీన్‌కి నిద్ర పట్టలేదు. ఓడిపోయినందుకు కాదు. అంత మంచి ప్రాస వృథా అయిందే అని. హొరేస్ ఫొటో వంక చూసి, "నవ్వకు" అని దుప్పటి కప్పుకుంది.

సోమవారం అలొంజో మూట తెచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పసుపుది చేత్తోనే కదా?" అన్నది ఎర్నెస్టీన్, రసీదు రాస్తూ, తలెత్తకుండా.

"అవును మేడమ్." వెళ్లలేదు. టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. "మేడమ్, ఆ మిగిలిన ముక్క... ప్రాస కుదిరిందా?"

ఎర్నెస్టీన్ చుట్టూ చూసింది. గుమ్మం దగ్గర వెండెల్ తువ్వాలు పట్టుకుని నిలబడి చెవులు రిక్కించాడు. ఆమె బల్ల మీంచి వంగి, అలొంజో చెవిలో చెప్పింది.

"పసుపు బాతులు పదహారు!"

 అలొంజో పొట్ట పట్టుకుని నవ్వుతూ, ఆ తెల్ల ప్యాంటుతోనే లాండ్రీ నేల మీద కూర్చుండిపోయాడు. "పదహారు! లెక్కపెట్టారా! మేడమ్, ఆ మాట మీరు అని ఉంటే నేనీపాటికి ఊరొదిలి న్యూజెర్సీ పారిపోయి ఉండేవాణ్ణి."

"ఏంటి? ఏం చెప్పారు? నాకూ చెప్పండి!" అన్నాడు వెండెల్.

"లాండ్రీ విషయం" అన్నారిద్దరూ ఒక్కసారే.

ఆ వారంనుంచి అలొంజో కూడా పాఠాలకి వచ్చాడు. ఇద్దరికీ సరిపడక రోజూ తగువే. ఆమె నడుమ నిలబడి ఇద్దరినీ తిట్టేది. వెండెల్ తరవాత సిటీ బస్సు డ్రైవరయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, బట్టతల వచ్చింది. కనిపించినప్పుడల్లా, "ఆ మాటేంటో ఇప్పుడైనా చెప్పండి మిస్ ఎర్నెస్టీన్, పాత సంగతేగా" అని బతిమాలేవాడు. రకరకాలుగా ఊహించేవాడు కూడా. ఒకసారి దయ్యం అన్నాడు, ఒకసారి పిల్లి అన్నాడు, ఒకసారి ఏకంగా పాస్టరుగారి చెల్లెలు అన్నాడు.

"పిల్లి కాదు" అనేది ఎర్నెస్టీన్. అంతకుమించి చెప్పేది కాదు.