ఐదు సైట్లలో పారుతున్న మా ఏరు

డిగ్రీలో చరిత్ర చదువుతున్న మా మనవరాలు, యాభై ఏళ్ల కిందట మా ఊరి ఏరు ఏడాదంతా పారేదని ప్రాజెక్టులో రాసింది. రేపే ఇవ్వాలి.

“ఎవరు చెప్పినారే?”

“ఐదు సైట్లలో ఉండాది అవ్వా.”

ఐదూ చదివాను. అన్నింట్లో అవే మాటలు. పడమరనున్న ఏటిని అన్నీ తూర్పునే పెట్టాయి.

“విత్తనం శెనక్కాయలు మూటమూటకూ ఒలిచి చూస్తాం గదమ్మా. ఈ ఐదు మూటల్లోనూ ఒకే చేని కాయలే. ఏటా ఎండలు మొదలైనప్పటి నుంచి సెలవులిచ్చేదాకా నేను ఆ ఏటి ఇసుకలో నడిచే బడికి పోయినా.”

పిల్ల పెన్ను తీసింది. “సరే, దానికి ఆధారమేముండాది అవ్వా?”

ఎండిన ఏటిని ఎవరు ఫొటో తీస్తారు? మా ఊరివాళ్లెవరైనా ఉంటే పాత ఆల్బమ్‌లు వెతికి ఇప్పుడే పంపండి. పెళ్లి ఫొటోలో వెనక కాస్త ఇసుక కనిపించినా చాలు.