కాలు పెట్టకూడని ఇంగ్లీషు

ఆ రోజుల్లో నాకు రాని విద్య ఉందనిగానీ, నేను నేర్పలేని పిల్ల ఉంటుందనిగానీ ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ మాత్రం గీర ఉండడం ఆరోగ్యానికి మంచిదనే ఇప్పటికీ అనుకుంటాను. తాడేపల్లిగూడెంలో డిగ్రీ అయిపోయాక, బ్యాంకు పరీక్షలకి ప్రశాంతంగా చదువుకుంటానని పుస్తకాల సంచీ తగిలించుకుని దెందులూరులో మా అక్క వాళ్ళింటికి పది రోజుల కోసం వెళ్ళి, ఏడాది ఉండిపోయాను. (ఆ పుస్తకాల్లో మొదటి అధ్యాయం దాటినది ఒక్కటీ లేదని అక్కకి తెలుసు. పాపం పైకి అనేది కాదు.) ఇంట్లో అక్క, చేపల చెరువులు చేసే బావగారు, బావగారి అమ్మ, అంటే అత్తయ్యగారు, నాలుగేళ్ళు నిండిన అక్క కూతురు ఉండేవారు. ఆ పిల్లని అందరం బుడుబుంగ అనేవాళ్ళం. కొల్లేట్లో మనిషి అలికిడి వింటే చాలు, బుడుంగున నీళ్ళలో మునిగిపోయే పిట్ట అది. మా పిల్లా అంతే, కొత్తవాళ్ళెవరైనా పేరడిగితే మంచం కిందకి పోయేది.

అసలు బాధంతా అక్కడే ఉంది. ఏలూరులో ఓ ఇంగ్లీషు మీడియం బడి ఉండేది. మా వీధి పిల్లలందరూ పొద్దున్నే వ్యాన్ ఎక్కి అక్కడికే పోయేవారు. అంతకుముందు ఏడు బుడుబుంగని తీసుకెళ్తే, మేడం గారు అక్షరాలు అడిగినంతసేపూ అది అక్క చీర చెంగులోంచి తల బయటికి పెట్టలేదట. "వచ్చే ఏడు చూద్దామండీ, అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం తీసుకోలేమండీ" అని పంపించేశారట. అప్పట్నించీ వ్యాన్ హారన్ వినపడితే చాలు, అక్క వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఓ రోజు అన్నం వారుస్తూ కళ్ళు తుడుచుకోవడం చూశాను. అంతే, "రెండు నెలలు నాకొదిలెయ్యవే, దీనిచేత గడగడా చదివిస్తాను" అని మాటిచ్చేశాను. నా చదువు ఎటూ సాగడం లేదు కదా, కనీసం దీని చదువైనా సాగుతుందనుకున్నాను.

ఫోన్‌లో ఓ వీడియో చూశాను. ఇంట్లో ప్రతి వస్తువు మీదా దాని పేరు ఇంగ్లీషులో రాసి అంటిస్తే పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చేసుకుంటారని అందులో ఒకావిడ నవ్వుతూ చెప్పింది. మర్నాడే బీరువా మీదున్న పాత పెళ్ళి శుభలేఖలన్నీ దింపి, వెనక తెల్లగా ఉన్న వైపు ముక్కలు కోసి, ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. ఫ్యాన్, ఫ్రిజ్, బెడ్ వరకూ ఏ గొడవా లేదు. ఊపు మీదున్నదాన్ని అక్కడితో ఆగానా? కుర్చీ సీటు మీద, పీట మీద, గుమ్మం మెట్టు మీద, చాప మీద, చీపురు కట్టకి, ఆఖరికి బావగారి చెప్పుల్లో మడమ ఆనే చోట కూడా అంటించాను. అంతా అయ్యాక నడుం మీద చేతులు వేసుకుని ఇల్లంతా చూసుకుంటే, నాకే నా మీద గౌరవం కలిగింది.

అత్తయ్యగారు పాలగిన్నె పట్టుకుని దొడ్లోంచి వచ్చి మెట్టు దగ్గర ఆగిపోయారు. "ఏవమ్మాయ్, అక్షరాల మీద కాలెట్టమంటావేంటమ్మా?" అన్నారు. కాగితం ముక్క కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనిషి ఆవిడ. మేమూ అంతేగానీ, ఆ పూట నేను విద్యావేత్తని. "అవి ఇంగ్లీషు అక్షరాలండీ అత్తయ్యగారండీ, మన సరస్వతీదేవి కాదండీ" అన్నాను తెలివిగా. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "ఇంగ్లీషోళ్ళకి చదువుల తల్లి వేరేగా ఉంటుందేంటమ్మా?" అన్నారు. దానికి ఆ వీడియోలో జవాబు లేదు. ఆవిడ మెట్టు దాటి రావడానికి నేనే చెయ్యి అందించాల్సి వచ్చింది. ఆ సాయంత్రం నుంచీ ఆవిడ కుర్చీలో కూర్చోవడం మానేసి నేల మీదే కూర్చునేవారు. చీపురు ముట్టుకునేవారే లేక ఇల్లు రెండ్రోజులు తుడుపు లేకుండా ఉంది. బావగారు చెరువు దగ్గర మేత లారీ వచ్చిందని హడావుడిగా బయల్దేరి, వాళ్ళమ్మ చూపు చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో బండెక్కారు. "మరదలా, నా చెప్పులకి కూడా పేరు పెట్టాలా అమ్మా? వాటిని నేను ఎరుగుదును కదా" అన్నారు వెళ్తూ వెళ్తూ.

తీసేద్దామంటే నాకు పంతం. పోనీ అని అత్తయ్యగారు ఊరుకున్నారా, అదీ లేదు. పొద్దున్నే స్నానం చేసి బుడుబుంగ వేలు పట్టుకుని ఇల్లంతా తిరిగేవారు. "ఇదేంటే తల్లీ? ఎక్కడ కాలు పడకూడదో చెప్పు నాకు" అని అడిగితే, అది నేను అంటిస్తూ పైకి చదివిన అక్షరాలు ఒక్కొక్కటీ వేలితో చూపించి చెప్పి కళ్ళకద్దుకునేది, ఆవిడా అద్దుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. చదువు వేరు, మొక్కడం వేరు కదా! "అలా మొక్కకూడదే, చదవాలి" అని దాన్ని లాక్కొచ్చి పుస్తకం ముందు కూర్చోబెడితే, నోట్లోంచి ఒక్క ముక్క వచ్చేది కాదు. రెండోసారి గద్దిస్తే మంచం కిందకి మునక. ఈ ముసలావిడ నా పద్ధతంతా పాడుచేస్తున్నారని అక్కకి చాడీలు కూడా చెప్పాను.

బుడుబుంగని మళ్ళీ ఏలూరు బడికి తీసుకెళ్ళాల్సిన రోజు రానే వచ్చింది. అక్క, నేను, బుడుబుంగ లోపలికి వెళ్ళాం. అత్తయ్యగారు క్యారేజీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నారు. మేడం గారి గది మధ్యలో రంగురంగుల స్పాంజి చాప పరిచి ఉంది, గడికో ఇంగ్లీషు అక్షరం. మేడం గారు నవ్వుతూ దాని మీద నిలబడి, "రామ్మా, బీ మీదకి దూకు చూద్దాం" అన్నారు. బుడుబుంగ చాప అంచున రెండు కాళ్ళూ దగ్గరపెట్టుకుని నిలబడిపోయింది. "దూకవే" అన్నాను. దూకలేదు. "మా బంగారం కదూ" అంది అక్క. ఊహూఁ. మేడం గారు కాగితం మీద ఏదో రాసుకోబోతున్నారు, అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్లని రెండు చంకల కింద పట్టుకుని ఎత్తి బీ మీద దింపబోయాను. అది కాళ్ళు రెండూ పొట్టలోకి ముడిచేసి, నా చేతుల్లో గాల్లో ఉండి గావుకేక పెట్టింది. "వద్దు పిన్నీ, కళ్ళు పోతాయి!" అని.

నేను గచ్చు మీద దింపి వెనక్కి తగ్గాను. బుడుబుంగ వెక్కుతూ మేడం గారి కాళ్ళ వైపే చూస్తోంది. చూసి చూసి, "మేడమండీ, మీరు ఎమ్ మీద కాలెట్టారండీ" అంది. ఆవిడ ఉలిక్కిపడి పక్కకి జరిగారు. "ఇప్పుడు ఎన్ మీదండీ." ఆవిడ ఇంకోవైపు అడుగేశారు. "అయ్యో, అది హెచ్ అండీ." ఆ తల్లి ఎటు జరిగినా ఓ అక్షరమే, ఎక్కడ నిలబడినా ఓ తప్పే. కే, పీ, డబ్ల్యూ అంటూ పిల్ల చెబుతూనే ఉంది, ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని గెంతుతూనే ఉన్నారు. జెడ్ దాటి గచ్చు మీదకి వచ్చాక ఆవిడ వంగి చాపని తాకి, చటుక్కున కళ్ళకద్దుకున్నారు. తర్వాత ఆయాసం తీర్చుకుని, సీటిచ్చేశారు. అక్క పిల్లని గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది.

"ఇంట్లో దీనికి ఎవరమ్మా నేర్పింది?" అని అడిగారు మేడం గారు. నేను జడ సర్దుకుని నోరు తెరిచాను. ఈలోగా బుడుబుంగ, "మా నానమ్మండీ" అని గుమ్మం వైపు చెయ్యి చూపించింది. బయట అత్తయ్యగారు క్యారేజీ మూత తీసి, పులిహోర చెమ్మగిల్లిందేమో చూసుకుంటున్నారు. ఇంగ్లీషులో ఓ అక్షరం ముక్క రాని మనిషి!

ఇప్పుడు నేను ఆకివీడులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నాను (పుస్తకాలు చివరికి చదవాల్సే వచ్చింది లెండి). బుడుబుంగ ఏలూరులో ఇంటరు చదువుతోంది, దాని ఇంగ్లీషు ముందు నా నోరు పెగలదు. మొన్న వెళ్ళినప్పుడు అత్తయ్యగారు దేవుడి అలమర్లోంచి ఓ బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టారు. లోపల నా శుభలేఖల ముక్కలన్నీ ఉన్నాయి. "అక్షరాలు కదమ్మా, చెత్తలో వెయ్యలేకపోయాను" అంటూ ఒక్కొక్కటీ తలకిందులు కాకుండా సరిగ్గా పట్టుకుని చూపించారు. "ఇది మెట్టుది. ఇది మావాడి చెప్పులది. ఇదిగో, ఇది కుర్చీది." ఒక్కటీ తప్పలేదు. ఆ ఇంట్లో నా పద్ధతి ప్రకారం ఇంగ్లీషు నేర్చుకున్న విద్యార్థిని ఈవిడ ఒక్కరేనని, ఆ సంగతి నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. పీటకీ మెట్టుకీ పేర్లు రాసి నడుం మీద చేతులు వేసుకున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మీద నాకు కోపం రాలేదు, కొంచెం ముద్దొచ్చింది. కుర్చీ ముక్క నా చేతికిస్తుంటే జారి కాలి మీద పడింది. గబుక్కున తీసి కళ్ళకద్దుకున్నాను. అది ఇంగ్లీషే కదమ్మా అని అత్తయ్యగారు అనలేదు.