డెల్మర్ పన్నెండు తీగల గిటారు

ఆయిల్‌డేల్‌లో వెర్లిన్ టాకెట్ ఇంటి ముందు కొత్త కారు ఆగిందంటే, దాని డిక్కీలో ఒక పాత గిటారు ఉన్నట్టే లెక్క. ఆ గిటారు మీద ఎవరో ఒకరు కొండంత ఆశ పెట్టుకుని ఉంటారు. దాన్ని తుంచడం వెర్లిన్ పని. ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి ఆయనకు విసుగొచ్చింది. నిజానికి విసుగు కూడా పాతబడిపోయింది. కారు చప్పుడు వినగానే కుర్చీలోంచి లేవడానికి మోకాళ్లు ఒప్పుకోవు, మనసు అంతకన్నా ఒప్పుకోదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఊరి చివరి సిల్వర్‌డేల్ గిటార్ల ఫ్యాక్టరీలో మెడలు, అంటే తీగలు సాగే పొడవాటి చెక్కలు, చెక్కేవాడు. ఫ్యాక్టరీ మూతపడిన రోజున దాని గురించి కన్నీటి చుక్క కార్చినవాడు లేడు. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఎక్కడెక్కడి వాళ్లకో ఆ గిటార్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అందులోనూ పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారంటే పడి చచ్చేవాళ్లు. అవి కొద్దిగానే తయారయ్యాయి, ఎందుకంటే అప్పట్లో వాటిని ఎవరూ భరించలేకపోయారు. పన్నెండో తీగ శ్రుతి చేసేసరికి మొదటిది జారిపోయేది. బార్లలో వాయించేవాళ్లు చిరాకు పుట్టి ఆరు తీగలు పీకి అవతల పారేసేవారు. బతికుండగా పలకరించని మనిషికి చచ్చాక దండలు వేసినట్టు, ఇప్పుడు అందరికీ అవే కావాలి. గిరాకీ ఉన్నచోట దొంగ సరుకు ఉండనే ఉంటుంది. అందుకే కొనేవాళ్లు, ఇది అసలుదేనని వెర్లిన్ సంతకం చేసిన చీటీ లేనిదే బేరానికి దిగరు.

ఆయన ఉన్నదున్నట్టు చెబుతాడు. అందుకు ఊరు పెట్టిన బిరుదు "పోస్టుమార్టం టాకెట్".

ఆ ఆగస్టు మధ్యాహ్నం వచ్చింది కొత్త కారు కాదు. ఓలీటా స్ప్రేగ్ డొక్కు కారు. పత్తి తీసే కూలీల క్యాంపులో ఇద్దరూ పక్కపక్క గుడారాల్లో పెరిగారు. ఆమె భర్త డెల్మర్‌దీ అదే క్యాంపు; మొన్న వసంతకాలంలో పోయాడు.

"ఏవయ్యా వెర్లిన్, చర్చికి రావడం మానేశావు, కనీసం తలుపైనా తీస్తావా?" అంది ఆమె గడప బయటి నుంచే. చేతిలో నల్లటి గిటారు పెట్టె.

దాన్ని చూడగానే వెర్లిన్ గుర్తుపట్టాడు. డెల్మర్ గిటారది.

డెల్మర్ కూడా సిల్వర్‌డేల్‌లోనే, రంగుల గదిలో పనిచేశాడు. మంచివాడే గానీ కోతలరాయుడు. సాయంత్రాలు బార్లో వాయించేవాడు. ఒకరోజు ఫ్యాక్టరీ యజమాని హాలెక్ దొర స్వయంగా వచ్చి తన పాట విన్నాడని, మర్నాడు పిలిపించి పన్నెండు తీగల గిటారు తన చేతుల్లో పెట్టి "దీన్ని వాయించడానికి నువ్వొక్కడివే తగినవాడివి" అన్నాడని ముప్ఫై ఏళ్లుగా ఊరందరికీ చెప్పాడు. ఊరంతా ఎదుట తలూపి, వెనక నవ్వింది. వెర్లిన్ కూడా నవ్వాడు. గిటారు విప్పి చూస్తానంటే డెల్మర్ ఎప్పుడూ ఒప్పుకోలేదు మరి. నమ్మింది ఓలీటా ఒక్కతే.

"మ్యూజియం వాళ్లు అద్దాలపెట్టెలో పెడతారట, ఆయన పేరు రాసి. నువ్వు సంతకం పెడితేనే అట," అంది.

"ఎందుకొచ్చిన గొడవ ఓలీటా? ఇంట్లో గోడకి ఉండనీ. బాగానే ఉందిగా."

"అద్దాలపెట్టె నాకెందుకు? శవపేటిక దగ్గర కూడా మీ ఫ్యాక్టరీ వాళ్లు హాలెక్ దొర సంగతి చెప్పుకుని ముసిముసిగా నవ్వారు. నేను వినలేదనుకున్నారు. ఆయన నాకు అబద్ధం చెప్పాడా లేదా, అంతే. అది తేల్చు."

ఇక తప్పలేదు. వెర్లిన్ కళ్లజోడు తుడుచుకుని గిటారును బల్ల మీద పడుకోబెట్టాడు.

గిటారు ఒంటి దిమ్మ సిల్వర్‌డేల్‌దే. రంగు ఫ్యాక్టరీ రంగే, అంచుల దగ్గర తేనె రంగుకి తిరిగింది. తీగల మోతను పట్టే పికప్‌లు విప్పితే లోపల తీగ చుట్టిన తీరు కూడా సరిగ్గానే ఉంది. వెర్లిన్‌కి ఆశ్చర్యం వేసింది. ఆ వెధవ నిజమే చెప్పాడేమో! చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి ఒక గిటారు అసలుదైతే బాగుండుననిపించింది ఆయనకి. ఓలీటా ఐస్ టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా అలాగే చూస్తోంది.

చివరికి మెడ చివర, తల దగ్గర తీగలు బిగించే బిరడాలు విప్పాడు. రెండో వరసలో, బిరడా రేకు కింద, ఒక బెజ్జాన్ని చెక్క ముక్కతో పూడ్చి ఉంది. ఫ్యాక్టరీలో పూడ్చాల్సి వస్తే మేపుల్ చెక్క వాడేవారు. ఇది బాదం కొమ్మ.

ఆ కొమ్మ చెక్కింది వెర్లిన్.

పన్నెండు బిరడాల తలకి బెజ్జాలు వేసేటప్పుడు, మొదటి వరస అయ్యాక అచ్చురేకును తిరగేసి రెండో వరస వెయ్యాలి. ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికి పోయే తొందరలో వెర్లిన్ తిరగేయడం మరిచాడు. బెజ్జం అంచుకి వచ్చేసింది. మేస్త్రీ కంటపడకుండా జేబులో ఉన్న బాదం పుల్లని చెక్కి కొట్టేశాడు. సోమవారానికి ఆ మెడ మెలి కూడా తిరిగింది. మేస్త్రీ నలుగురిలో దాన్ని ఎత్తి చూపించి, "పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదిది, చేసినవాడితో సహా" అన్నాడు. "అయితే మా పొయ్యిలోకే ఇప్పించండి," అన్నాడు డెల్మర్. ఆ సాయంత్రం కుంటుకుంటూ గేటు దాటాడు.

గేటు దగ్గర కుంటడం అక్కడ కొత్తేమీ కాదు. కొట్టేసిన ముక్కలూ, తీసిపారేసిన ముక్కలూ పనివాళ్లు మధ్యాహ్నం తిన్న క్యారేజీల్లో పెట్టుకుని ఇంటికి చేరవేసేవారు. మెడ క్యారేజీలో పట్టదు గనక ప్యాంటు కాలులో దోపుకునేవారు. "ఇవాళ నీకొచ్చిందా కాలునొప్పి?" అని వాచ్‌మన్ నవ్వి వదిలేసేవాడు. అలా ఇళ్లలో కూర్చినవాటిని క్యారేజీ గిటార్లు అనేవారు. చెక్క ఫ్యాక్టరీది, చేతులు ఫ్యాక్టరీవి. కానీ ఆఖరి తనిఖీ బల్ల ఎక్కనిది సిల్వర్‌డేల్ కాదు. ఆ నియమం పెట్టింది వెర్లినే.

మెడను కంటికి ఆనించి చూశాడు. మెలి లేదు. ముప్ఫై ఏళ్లు పన్నెండు తీగలు లాగినా గీత గీసినట్టుంది. కాపడం పెట్టి, బిగించి, లోపల రెండు ఇనుపకడ్డీలు దించి, డెల్మర్ ఎన్ని రోజులు కూర్చున్నాడో! ఆ పని వెర్లిన్‌కి ఆనాడూ చేతకాదు, ఈనాడూ చేతకాదు.

అసలుదే అనొచ్చు. కాదనేవాడు లేడు. ఆ మేస్త్రీ పోయాడు, హాలెక్ పోయాడు. ఒక్క సంతకం. అలిసిపోయిన మనిషికి అబద్ధం ఎంత హాయిగా ఉంటుందో ఆ క్షణాన వెర్లిన్‌కి తెలిసొచ్చింది.

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది," అంది ఓలీటా. "నాన్చకు. చెప్పు."

చెప్పాడు. తన తప్పు బెజ్జంతో సహా అంతా చెప్పాడు.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "అయితే హాలెక్ ఇవ్వలేదు."

"లేదు."

"మా ఆయన పాటైనా విన్నాడా?"

"ఏమో ఓలీటా. రంగుల గదిలోకి మాత్రం దొర ఏనాడూ అడుగు పెట్టలేదు."

"ముప్ఫై ఏళ్లు. వారం వారం తుడిచాను దాన్ని, దొర ఇచ్చిందని." ఆమె గొంతు కీచుగా లేచింది. "మరి ఎవడు చేశాడు దీన్ని?"

"డెల్మరే. ఇంకెవరు?"

"డెల్మరా? ఊరుకోవయ్యా! ఆ మనిషికి మేకు కొట్టడం రాదు. మా వంటింటి తలుపు నేలకి రాసుకుంటోంది, బాగుచెయ్యమని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. నా వల్ల కాదే అనేవాడు!"

వెర్లిన్ ఆమె వేళ్లను పట్టుకుని మెడ వెనక వైపున పైనుంచి కిందికి నడిపించాడు. ఎక్కడా అతుకు తగల్లేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఆ చలికాలం," అంది. "పొగమంచుకి ఎదుటి మనిషి కనబడేవాడు కాదు. పని నుంచి రావడం, షెడ్డులో దూరడం. తాగుతున్నాడనుకున్నా వెర్లిన్. సీజనంతా మాట్లాడలేదు ఆయనతో. ఒక్కమాట చెప్పొచ్చుగా, ఇదిగో ఇది చేస్తున్నానని? నేను కాదంటానా?"

వెర్లిన్ బిరడాలు తిరిగి బిగిస్తూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "చెయ్యడం మనకెప్పుడూ ఉన్నదే కదా ఓలీటా. పత్తి తీశాం, మెడలు చెక్కాం, రంగులేశాం. క్యాంపు పిల్లల్ని పిలిచి, ఇది నీదిరా అని ఎవరైనా చేతిలో పెట్టారా ఎప్పుడైనా? వాడికి అలా ఒక్కసారి అనిపించుకోవాలని ఉండుంటుంది. ఎవరూ అనలేదు. తనే అనుకున్నాడు."

చీటీల కట్ట బల్ల మీద అలాగే ఉంది. ఆమె దాని వైపు చూడలేదు, వెర్లిన్ దాన్ని ముట్టుకోలేదు.

గిటారు పెట్టెను వెర్లిన్ కారు దాకా మోశాడు. డిక్కీ తెరవబోతుంటే ఓలీటా వద్దని, ముందు సీట్లో తన పక్కన పెట్టించుకుంది. ఎండకి సీటు కాలిపోతోంది. ఆమె తాళం తిప్పి, మళ్లీ ఆపేసింది.

"అంటే చేతనయ్యి కూడా చెయ్యలేదన్నమాట, ఆ వంటింటి తలుపు," అంది.

"అంతేగా మరి," అన్నాడు వెర్లిన్.

"దొంగ సచ్చినోడు," అంటూ ఓలీటా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చేసింది. భర్తను పాతిపెట్టిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు. వెర్లిన్ ఆ మండుటెండలో, కారు తలుపు మీద చెయ్యి వేసి, ఆమె ఏడుపు అయ్యేదాకా నిలబడ్డాడు.