బట్టల క్లిప్పు పెట్టిన పుస్తకం

మా చిన్నల్లుడు పళ్ల డాక్టరు. నలభై దాటినా, పన్నెండో ఏట పట్టుకున్న రెక్కల గుర్రం కథలు వదల్లేదు. పదమూడు పుస్తకాలు నమిలేశాడు. ఆఖరిదాంట్లో చివరి ఇరవై పేజీలూ చదివితే కథ అయిపోతుందని, వాటికి బట్టల క్లిప్పు పెట్టి ఏడాదిగా దాచుకున్నాడు. పిల్లలు మిఠాయి దాచుకోరూ, అలాగ.

మొన్న పన్ను పీకించుకోవడానికి వచ్చిన లెక్కల మాస్టారు బల్లమీద ఆ పుస్తకం చూసి, "నేను చదివేశానండీ, చివర్న ఆ గుర్రం..." అనబోయారు. అల్లుడు ఆయన నోట్లో గుప్పెడు దూది కుక్కాడు. పన్ను పీకి, మళ్లీ దూది పెట్టి, "గంటసేపు నోరు విప్పకండి మాస్టారూ" అన్నాడు.

తీరా ఆయన గుమ్మం దాటుతుంటే మనసాగలేదు. వెనకాలే పరిగెత్తి, "ఒక్క ముక్క చెప్పండి. గుర్రం బతుకుతుందా?" అన్నాడు.

మాస్టారు దూది చూపించారు, గోడగడియారం చూపించారు, వెనక్కొచ్చి తాపీగా కుర్చీలో కూర్చున్నారు.