మచ్చ తుడిచిన చెయ్యి

యాభై దాటాక కొత్తగా బడి పంతులు అవుతానంటే నవ్వనివాళ్ళెవరు? "మొక్కై వంగనిది మానై వంగుతుందట్రా?" అని సొంత అన్నగారే అనేశాడు. అనడూ మరి! బతుకంతా ఫోటో స్టూడియో వెనక గదిలో, పట్టపగలు లైటు వేసుకుని టచింగ్ పని చేసిన మనిషి. సన్నటి బ్రష్షుతో పుట్టుమచ్చలూ, మొటిమల గుంటలూ, కళ్ళ కింద నలుపూ తుడిచేసేవాడు. "ఈయన చెయ్యి పడితే కోతి కూడా పెళ్ళికొడుకే" అని ఓనరు వేళాకోళం చేసేవాడు.

తర్వాత ఫోన్లొచ్చి, ఎవరి మొహం వాళ్ళే తుడుచుకోవడం మొదలుపెట్టారు. స్టూడియో మూతపడింది. తన కూతురి వయసువాళ్ళ పక్కన కూర్చుని డ్రాయింగు కోర్సు చదివి, పరీక్ష గట్టెక్కి, చివరికి ఒక బడిలో చేరాడు. పిల్లలు "సార్, సార్" అంటూ చుట్టూ మూగితే మనిషి కరిగిపోయేవాడు. పాపం, ఆ వెనక గదిలో ఆయన కోసం ఎదురుచూసినవాళ్ళు ఎవరున్నారు గనక!

ఆ పిల్లల్లో ఒక్కతి మాత్రం పెన్సిలు ముట్టేది కాదు. పిచ్చుకంత పిల్ల. కిందటేడు తల్లి పోయిందట. ఈ పిల్ల చేత ఒక్క బొమ్మ గీయిస్తే చాలు, తను పంతులైనందుకు అర్థం ఉన్నట్టేనని ఆయన పట్టుబట్టాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. రోజూ ఒక తెల్లకాగితం ముందు పెట్టి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఆ పిల్ల గీసింది. వాళ్ళమ్మ మొహం. ఆయనకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పిల్లల బొమ్మల ప్రదర్శనలో అందరికంటే ముందు దీన్నే పెడతానని, అంచులు శుభ్రం చేద్దామని స్టాఫ్ రూముకి తీసుకెళ్ళాడు. కుడి బుగ్గ మీద గోధుమరంగు మరక కనిపించింది. రంగు అంటుకుంది కాబోలు అనుకున్నాడో, అసలు ఏమీ అనుకోలేదో! రబ్బరు తీసి తుడిచాడు. వేలితో మెల్లగా అద్ది, చుట్టూ ఉన్న రంగులో కలిపేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పొట్టకూటి కోసం నేర్చిన బుద్ధీ అంతే కాబోలు.

ప్రదర్శన రోజు పెద్ద టీచరుగారు ఆ బొమ్మ ముందే నిలబడి "ఎంత ముచ్చటగా ఉందండీ!" అన్నారు. పిల్ల వచ్చి చూసింది.

"ఇది మా అమ్మ కాదు సార్."

"అదేంటి తల్లీ, నువ్వు గీసిందేగా?"

"మచ్చేది? నూనె చింది కాలిన మచ్చ. రోజూ దాని మీద చెయ్యేసుకుని పడుకునేదాన్ని."

ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఎలా ఉండేదో చెప్పమ్మా, మళ్ళీ వేసేస్తాను."

"మీకెలా తెలుస్తుంది సార్? మీరు మా అమ్మని చూళ్ళేదుగా." కోపంగా అన్నా బాగుండేది. "మీ దగ్గరే ఉంచుకోండి" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది. మర్నాడు ఆయన పెట్టిన తెల్లకాగితాన్ని తిరగేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పులైనా విప్పకుండా భార్య ఫోటో ముందు నిలబడ్డాడు. పెళ్ళయిన కొత్తలో తీసిందది. తనే మురిసిపోతూ టచింగ్ చేశాడు. చూసి ఆవిడ "ఎవరో గానీ బాగుంది, ఆవిణ్ణే చేసుకోకపోయారా?" అని నవ్వింది. ఆవిడ కనుబొమ్మని చీల్చుతూ చిన్న గాటు ఉండేది. నవ్వితే అదీ పైకి లేచేది.

ఏ కనుబొమ్మకి? కళ్ళు మూసుకున్నాడు. ఫోటోలోని నున్నటి మొహమే కనిపించింది. పెన్సిలు పట్టుకుని గీసి చూశాడు. చెయ్యి మళ్ళీ ఆ నున్నటి మొహమే గీసింది. దొంగ చెయ్యి!

వంటింట్లో ఉన్న కూతుర్ని కేకేశాడు. తల్లి పోయేనాటికి దానికి ఇంకా మాటలు రాలేదు.

"అమ్మకి గాటు ఎడమ కనుబొమ్మకా, కుడిదానికా?"

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫోటో దగ్గరికంటా వెళ్ళి చూసింది.

"గాటేంటి నాన్నా? అమ్మకి గాటేమీ లేదుగా."