చర్చి డేక్సా, మా రత్నం అన్న

నిన్న పొద్దున ఫోన్‌లో వదిన పేరు కనిపిస్తే, సండే సైకిల్ క్యాంప్‌కు ఏదో సామాను తక్కువైందేమో అనుకున్నాను.

"మీ అన్న లేడు పిల్లా" అంది.

ఎక్కడికి పోయాడని అడిగాను. అంత తెలివితక్కువగా అడిగాను.

క్యాంప్ కోసం గాలి పంపు బాగుచేస్తూ కూలబడ్డాడట. దవాఖాన దాకా కూడా తీసుకుపోలేకపోయారు.

మా రత్నం అన్నది దేవరకొండలో చిన్న ఉద్యోగం. ఆదివారం చర్చి అయిపోగానే మమ్మల్ని వెంటేసుకుని ఏదో ఒక తండాకు పోయేవాడు. అక్కడ స్కూలు పిల్లల సైకిళ్లు ఫ్రీగా రిపేర్ చేసేవాళ్లం.

ఎందుకు మొదలుపెట్టాడో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నా సైకిల్ ట్యూబ్ పోయింది. బాగుచేయించే దిక్కు లేక కొట్టంలో పడేశారు. నేను పత్తి ఏరడానికి పోయాను. మళ్లీ బడి మొహం చూడలేదు.

అప్పట్లో హైదరాబాద్‌లో పనిచేసే అన్న, క్రిస్మస్‌కు ఇంటికొచ్చి నా సైకిల్ మీద కోళ్లు పడుకోవడం చూశాడు. ఆ పండుగనాడు అన్నం ముట్టలేదు.

క్యాంప్ సామాను సర్దడమంటే ఆయనకు పెళ్లి పని. ప్యాచీలకు పాత ట్యూబులు, అవి అతికించే సొల్యూషన్, స్పానర్లు, గ్రీజు, సైకిల్ తలకిందులుగా పెట్టడానికి గోనె సంచులు. ఒక్కటి మరిచినా మా పని అయిపోయినట్టే.

పంక్చర్ చూడాలంటే ట్యూబును నీళ్లలో ముంచాలి కదా. దానికి మాత్రం చర్చిలో విందు వండే పెద్ద డేక్సా ఎత్తుకుపోయేవాడు.

పోయిన క్రిస్మస్ విందులో బగారన్నం నిండా సొల్యూషన్ వాసన. వండిన అక్కలు అన్నను చెడామడా తిట్టారు.

"జర తినుండ్రి, ఏం గాదు. కడుపు పంక్చర్ గాకుండ ఉంటది" అన్నాడు.

తిట్టినవాళ్లే నవ్వుకుంటూ మళ్లీ వడ్డించుకున్నారు.

చావు ఇంట్లో పొయ్యి వెలగదు. నిన్న సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చేసరికి చర్చి సంఘం వాళ్లే అన్నం వండారు.

అదే డేక్సా. సండే కోసం అన్న ముందే ఇంటికి తెచ్చిపెట్టుకున్నది.

అన్నంలో సన్నగా అదే వాసన.

ఈసారి ఎవరూ తిట్టలేదు.

దేవుని చిత్తం అంటున్నారు. అదేం చిత్తమో నాకైతే అర్థం కావడం లేదు.

"సామాను నువ్వు తీస్కపో పిల్లా, నేను సూడలేను" అంది వదిన. సంచి ఇప్పుడు నా ముందే ఉంది. పంక్చర్ వేయడం నాకూ వచ్చు, ఆయనే నేర్పాడు. కానీ సంచి మూతి విప్పడానికి చెయ్యి రావడం లేదు.

తండాలో పిల్లలకు అన్న ముందే చెప్పిపెట్టాడు. ఆదివారం పాడైన సైకిళ్లు తోసుకుంటూ వస్తారు. అన్న రాడని వాళ్లకు ఎవరు చెప్తారు? నా వల్ల కాదు. సైకిల్ ఎప్పుడు బాగవుతుందా అని రోజూ కొట్టం వైపు చూసిన పిల్లను నేను.

పోయిరా అన్నా.
నిమ్మలంగ పండుకో.
నా సైకిల్ సంగతి ఇగ మర్చిపో.